ఎండలో మొక్కు, మట్టిలో ఆట

శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్కన రావివలసలో శివుడికి నెత్తిన కప్పు లేదు. గుడి ఉంది, పూజారులున్నారు, కార్తీక సోమవారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. మనిషి ఎత్తును మించిన ఆ లింగం మాత్రం ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయటే నిలబడి ఉంటుంది. ఎండల మల్లికార్జునుడన్న పేరు అలా వచ్చిందే. గుడి కట్టబోతే కూలిపోయిందనీ, తనకు ఎండే కావాలని స్వామి చెప్పాడనీ స్థలపురాణం. రామాయణంలోని వానరవైద్యుడు సుషేణుడు ఇక్కడే ఉండి జనానికి రోగాలు నయం చేశాడన్న కథ కూడా దానికి తోడైంది. ఆ ఎండా, అక్కడి గాలీ ఒంటికి మంచివని నమ్మి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దర్శనానికి వచ్చిన భక్తుడు దేవుడితోపాటు తానూ ఎండలో నిలబడాలి.

ప్రపంచ కళాచరిత్ర పుస్తకాల్లో ఇలా ఆరుబయటికి రావడం ఒక తిరుగుబాటుగా కనిపిస్తుంది. 1967లో రిచర్డ్ లాంగ్ అనే ఆంగ్లేయ కుర్రాడు ఒక పచ్చికబయలులో గడ్డి అణగి గీత పడేదాకా అటూ ఇటూ నడిచాడు. ఆ గీతను ఫొటో తీసి, ఇదే నా శిల్పం అన్నాడు. క్యూబాలో పుట్టి అమెరికాలో పెరిగిన ఆనా మెండియెటా 1973 నుంచి కొన్నేళ్లపాటు తన ఒంటి ఆకారాన్ని మట్టిలో, ఇసుకలో, పూలతో, నిప్పుతో దించుతూ పోయింది. వాటిని వానా గాలీ చెరిపేస్తే ఫొటోలే మిగిలాయి. 1982లో జర్మనీలోని కాసెల్ పట్టణంలో యోసెఫ్ బాయిస్ 7,000 సిందూర వృక్షాలు నాటే పని మొదలుపెట్టి, దాన్నీ కళ కిందే లెక్కవేశాడు. అది పూర్తయ్యేసరికి 1987 వచ్చింది, అప్పటికి ఆయన లేడు. గ్యాలరీ గోడలతో, అమ్మకాలతో విసిగినవాళ్లు మట్టినీ ఒంటినీ పట్టుకుని బయటికి నడిచారన్నది ఆ కథ సారాంశం.

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉద్దానంలో ఈ కథ చెబితే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. మట్టి, నీరు, నిప్పు, ఆకు, పేడ, పసుపు పట్టుకుని ఆరుబయట ఒళ్లు వంచి చేసే పని ఇక్కడ ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది. అయితే అది కళ అవుతుందా, భక్తి అవుతుందా? బెనారస్ దగ్గరి రామ్‌నగర్ రామలీలను దగ్గరుండి చూసిన అమెరికన్ పండితుడు రిచర్డ్ షెక్నర్ 1970లలో దీనికొక జవాబు చెప్పాడు. ప్రతి ప్రదర్శనలోనూ రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయట. ఒకటి ఫలితం ఆశించి చేసేది, రెండోది వినోదం కోసం చేసేది. ఏ పోగు పైకి తేలితే దాన్నిబట్టి పూజ అనో నాటకం అనో పిలుస్తాం. బాగానే ఉంది. ఉద్దానంలో మాత్రం మూడో పోగు కూడా కనిపిస్తుంది. దాని పేరు బాకీ. మొక్కుకున్నవాడు అమ్మవారికి బాకీపడతాడు, ఊరు వానకు బాకీపడుతుంది. లండన్‌లో ఒక కళాకారుడు ఈ ఏడు ప్రదర్శన మానేస్తే అడిగే నాథుడు లేడు. ఇక్కడ మానేస్తే ఇంట్లో ముసలమ్మ దగ్గర్నుంచి ఊరిపెద్ద దాకా అందరూ అడుగుతారు. ముడిసరుకు రెండు చోట్లా మట్టే అయినా అసలు తేడా ఇక్కడుంది. ఈ కళలు బతకడమైనా, చెడిపోవడమైనా ఆ బాకీ చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని అన్నిటికంటే బాగా చూపించేది దండనాట్యం. అది ఒడియావాళ్ల సొత్తు కదా అనేవాళ్లకు ఒక చిన్న చరిత్ర గుర్తుచేయాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోదే. గీత గీశాక బరంపురం, ఛత్రపురం అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలి విశాఖ జిల్లాలో కలిశాయి. 1950లో గానీ శ్రీకాకుళం వేరే జిల్లా కాలేదు. బంధుత్వాలు, సంతలు, అమ్మవార్లు ఆ గీతను అంతగా పట్టించుకోలేదు. ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే గంజాం పల్లెల్లో చైత్రం వచ్చిందంటే దండం దిగుతుంది.

దండం మేష సంక్రాంతితో ముగుస్తుంది. సాధారణంగా 13 రోజులు, కొన్ని చోట్ల 18, మరికొన్ని చోట్ల 21. ఆ రోజులన్నీ దండువాలు, అంటే దండం ఆడేవాళ్లు, ఇల్లు వదిలి, ఒక్కపూట శాకాహారం తింటూ, నేలమీద పడుకుంటూ గడుపుతారు. వాళ్లకు పెద్ద పాట దండువా. రోగం తగ్గితేనో, బిడ్డ పుడితేనో దండంలో చేరతానని మొక్కుకున్నవాళ్లే ఎక్కువ. అలాగే దండం తమ ముంగిటికి రావాలని మొక్కుకున్న ఇళ్లు వేరే ఉంటాయి. ఆ ఇళ్లు పిలిచినచోటికల్లా దండం కదులుతుంది. అంటే ఆడేవాడూ బాకీదారే, ఆడించేవాడూ బాకీదారే.

మిట్టమధ్యాహ్నం ధూళిదండం. ఏప్రిల్ ఎండకు నేల అరికాలు పెట్టనివ్వదు. ఆ దుమ్ములో ఒట్టి ఒంటితో దండువాలు పడుకుంటారు. ఒకడు ఎద్దవుతాడు, ఒకడు నాగలి అవుతాడు, ఇంకొకడు వెనక నుంచి తోలే రైతు. దున్నడం, విత్తడం, కోత, నూర్పు అన్నీ ఒళ్లతోనే సాగుతాయి. విత్తనం ఉండదు, నీళ్లూ ఉండవు. చెమటకు తడిసిన దుమ్ము ఒంటికి పట్టి, కాసేపటికి మనిషికీ నేలకూ రంగు ఒకటే అవుతుంది. పొద్దు వాలాక చెరువులో పాణిదండం, అంటే అదే ఒళ్లతో నీళ్లలో విన్యాసాలు. రాత్రి అగ్నిదండంలో కాగడా మీదికి గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని లేచే మంట చీకటిని చీలుస్తుంది. ఆ తర్వాత తెల్లవార్లూ వేషాలు, పాటలు, వెటకారాలు. పగలంతా ఒళ్లు హూనం చేసుకున్న మనిషి రాత్రి జనాన్ని నవ్వించాలి. షెక్నర్ చెప్పిన రెండు పోగులూ ఒకే రోజులో, ఒకే ఒంటి మీద కనిపించేది ఇక్కడే.

1982లో హంగరీ సంతతి అమెరికన్ కళాకారిణి ఆగ్నెస్ డెనెస్ న్యూయార్క్‌లో, ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట భవనాల పక్కనే, పూడ్చిన నేలలో రెండెకరాల గోధుమ పండించింది. బంగారం కంటే ఖరీదైన ఆ స్థలంలో పైరు వేయడమే ఆమె వేసిన ప్రశ్న. కళాచరిత్రలో ఆ గోధుమచేను ఫొటో చూపించని పుస్తకం అరుదు. ఆమెకు నేలా విత్తనమూ దొరికాయి, రైతు లేడు, కనుక తానే రైతయింది. ధూళిదండంలో రైతులే ఉన్నారు, చేనే లేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే డెనెస్ పని ఎక్కువ తెలివైనదిగా, దండం ఎక్కువ కఠినమైనదిగా కనిపిస్తాయి. అయినా ఒకటి ఆధునిక కళ కింద, రెండోది జానపదం కింద వేర్వేరు అల్మరాల్లో ఉంటాయి. ఆ అల్మరాలు కట్టినవాళ్లెవరూ ఎండలో పడుకున్నట్టు లేదు.

అంతమాత్రాన దండాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించనక్కర్లేదు. వ్రతం పట్టి దుమ్ములో దొర్లేది మగవాళ్లు, వాళ్లకు నీళ్లూ వంటా చూసేది ఆడవాళ్లు. రాత్రి వేషాల్లో పత్ర సవర, పత్ర సవరాణి అని ఒక జంట వస్తుంది. ఆకులు కట్టుకున్న కొండ సవరలన్నమాట. మైదానం మనుషులు కొండ మనుషుల వేషం కట్టి నవ్వులు పూయించే సంప్రదాయం అది. ప్రకృతితో కళ అనగానే కళ్లు చెమర్చేవాళ్లు ఈ ఆకుల వేషాన్ని ఒకసారి సవరల వైపు నుంచి చూడాలి.

సవరల సొంత కళకు ఆకుల వేషంతో పని లేదు. మందస, మెళియాపుట్టి కొండవాలుల నుంచి సీతంపేట దాకా, అటు ఒడిశా కొండల్లోనూ ఉన్న సవరలకు గోడమీద వేసే బొమ్మ ఒక ఇల్లు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి ముద్దతో, పుల్లతో గీస్తారు. మనుషులు, గుర్రాలు, నెమళ్లు, చెట్లు, సూర్యచంద్రులు ఒక చట్రంలో కిక్కిరిసి ఉంటారు. ఇంట్లో జబ్బు పడ్డా, చనిపోయినవాళ్లు కలలోకి వచ్చి అడిగినా ఆ బొమ్మ వేయాలి. చనిపోయినవాళ్లు వచ్చి కూర్చునే చోటది. వేసినవాడి పనితనం కంటే పూజారి వచ్చి చనిపోయినవాళ్లను పిలిచి, కల్లూ అన్నమూ పెట్టి, బొమ్మ వాళ్లకు నచ్చిందో లేదో కనుక్కోవడమే ముఖ్యం. నచ్చకపోతే మార్చాలి. గిరాకీదారుడు పరలోకంలో ఉన్న కళ ఇది. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద రాసిన పుస్తకాల్లో వీటిని వివరంగా నమోదు చేశాడు. అంతకు ముందే శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణ గ్రంథం రాశారు. 1931లో అది అచ్చయింది. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగును ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. సవర కోసం ఆయన పడ్డ పాట్లు అంతగా తలుచుకోం.

1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి పరిశోధన చేసిన పియర్స్ విటెబ్‌స్కీ 2017లో వేసిన పుస్తకంలో ఒక మార్పు గురించి రాశాడు. పాత తరం రోజూ చనిపోయినవాళ్లతో మాట్లాడేది, కొత్త తరం బాప్టిస్టు క్రైస్తవం పుచ్చుకుని ఆ మాటలు ఆపేసింది. మాట ఆగితే గోడబొమ్మకు పని ఉండదు. మరోవైపు అదే బొమ్మ కాన్వాసు మీదికీ, చేనేత గుడ్డ మీదికీ, ప్రభుత్వ భవనాల గోడల మీదికీ ఎక్కింది. ఇది పతనం అని ఏడ్వడం తేలిక. సవర కుర్రాడికి బొమ్మకు నాలుగు డబ్బులొస్తే కాదనే హక్కు ఎవరికుంది? కాకపోతే అది వేరే పని. పరలోకపు గిరాకీదారుడి బదులు ఇహలోకపు గిరాకీదారుడు వచ్చాడు, వాడికి బొమ్మ నచ్చిందో లేదో కలలో చెప్పడు.

మైదానంలోకి దిగితే అమ్మవార్ల రాజ్యం. టెక్కలి పక్కన కోటబొమ్మాళిలో శ్రావణ బహుళ అమావాస్య దాటాక కొత్తమ్మతల్లి జాతర మూడు రోజులు సాగుతుంది. ఘటాలు నెత్తిన పెట్టుకుని, పసుపునీళ్లు, వేపాకులతో ఆడవాళ్లు బారులు తీరతారు. ఈ ఘటాలు అమ్మవారికి సమర్పించడాన్నే ఇక్కడ మురాటలు చెల్లించడం అంటారు. కుండలో ఉన్నది చెరువు నీరు, పైన ఉన్నది ఊరి చెట్టు ఆకు. జీవబలుల మీద 1950 నాటి చట్టప్రకారం నిషేధం ఉంది, అది అమలయ్యే తీరు ఊరూరికీ వేరు. కాలినడకన, ఎండలో, తలమీద బరువుతో సాగే ఈ ఊరేగింపులో చూసేవాళ్లు, చేసేవాళ్లు అని రెండు వరసలు ఉండవు. అందుకే దీన్ని కెమెరాలో పట్టడం కష్టం. ఎటు తిప్పినా వీపులే కనిపిస్తాయి.

వాన రాకపోతే తప్పెటగుళ్లు. యాదవులు, అంటే ఇక్కడి గొల్లలు, గుండెమీద రేకు గుళ్లు వేలాడదీసుకుని రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టి గుంపుగా ఆడతారు. పాడుతూనే ఒకరి భుజాల మీదికి ఒకరు ఎక్కి గోపురంలా లేస్తారు. వానదేవుడిని, గంగమ్మను మెప్పించడానికి మొదలైన ఆట ఇది. ఇప్పుడు స్వాతంత్య్ర దినోత్సవం శకటాలకీ, మంత్రుల స్వాగతాలకీ అదే ఆట. స్వాగతం పలికే ఆటకు పది నిమిషాలు చాలు, వాన కోసం ఆడే ఆటకు వాన వచ్చేదాకా ముగింపు లేదు. పది నిమిషాలకు కుదించినప్పుడు పోయేది పాట ఒక్కటే కాదు, ఆడేవాడి ఆయాసం కూడా. ఒక గంట దాటాక వచ్చే ఆ ఆయాసంలోంచే ఆట అసలు రంగు తేలేది.

నీటి దగ్గరికి వస్తే లెక్క ఇంకాస్త సున్నితం. కార్తీక పున్నమినాడు ఒడియా ఇళ్లవాళ్లు అరటిబోదెతో చిన్న పడవ చేసి దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. ఒకప్పుడు కళింగ వర్తకులు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయిన జ్ఞాపకం అది. తెలుగిళ్లలో ఆ నెల ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, చన్నీళ్ల స్నానం చేసి అరటిదొప్పల్లో దీపాలు వదులుతారు. చెరువు ఒకటే, కథలే రెండు. బోదె పొర చీల్చి, రెండు కొసలూ మడిచి, కొబ్బరి ఈనెతో కుట్టు వేసి నిలబెట్టడం చూడ్డానికి తేలిక, చేస్తే వంకరపోతుంది. పొర మరీ లేతదైతే నీరు పీల్చి మునుగుతుంది, ముదురుదైతే మడిచినచోట విరుగుతుంది. చేతివాటం తెలిసినవాళ్లు రెండో మూడో పొర ఎంచుకుంటారు. ఈ పని బాగా వచ్చినవాళ్లెవరూ తమను కళాకారులని చెప్పుకోరు. ఇప్పుడు బజార్లో థర్మాకోల్ పడవలు దొరుకుతున్నాయి. అవి మునగవు, విరగవు, చెరువులోంచి పోవు కూడా.

దీపావళి సంగతి చెప్పాలంటే గోగును తలచుకోవాలి. శ్రీకాకుళం ఒకప్పుడు గోగునారకు పేరుమోసిన జిల్లా. నార ఒలిచాక మిగిలే పుల్లల కట్టకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగించి, వీధి గుమ్మంలో పిల్లలు తిప్పే దివిటీలకు వేరే ఖర్చు లేదు. ఒడియా ఇళ్లలో ఇదే రాత్రి జనపపుల్లలు వెలిగించి పితృదేవతలకు దారి చూపుతారు. గోగు సాగు తగ్గిపోయాక పుల్ల దొరకడం గగనమైంది. ఒక పంట ధర పడిపోతే ఒక పండగ చేతిలోంచి కర్ర జారిపోతుందని ఏ సాంస్కృతిక శాఖ నివేదికలోనూ రాయరు.

మట్టితో, నీటితో చేసే పనికి దేవుడే ఉండాలని లేదు. 1930 ఏప్రిల్ 6న గాంధీ దండి తీరంలో గుప్పెడు ఉప్పుమట్టి ఎత్తాడు. చేసిన పని అంతే, చూసినవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు. ఆ ఏడాదే ఉప్పు కయ్యలకు పేరుపడ్డ నౌపడలోనూ సత్యాగ్రహం జరిగింది. నౌపడ వాళ్లకు ఉప్పు చేయడం రోజువారీ కూలిపని. కూలిపనినే నేరంగా మార్చిన చట్టం ముందు అదే పనిని నలుగురి ఎదుటా చేసి చూపడంతో అది ప్రదర్శన అయింది. నేలా, నీరూ, ఎండా తప్ప ఇంకేమీ అక్కర్లేని ప్రదర్శన.

పలాస పక్కన బొడ్డపాడులో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో జముకుల కథను చేతపట్టారు. జముకు అంటే ఒకవైపు తోలు బిగించి, లోపలి నుంచి తీగ లాగి మీటే వాద్యం. అమ్మవారి కథలు చెప్పడానికి వాడే ఆ వాద్యంతో ఆయన భూమి కథ, అప్పు కథ చెప్పారు. శ్రీకాకుళ రైతాంగ పోరాటంలో భాగమైన ఆయన 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ బాణీయే తర్వాత వంగపండు ప్రసాదరావు లాంటివాళ్ల గొంతుల్లో రాష్ట్రమంతా తిరిగింది. ఇక్కడా వాద్యం అదే, కూర్చునే రచ్చబండ అదే. ఎవరికి ఎవరు బాకీ అన్న లెక్క ఒక్కటే తిరగబడింది.

2010 జూలై 14న సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని నిలబడ్డ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల దగ్గర మళ్లీ అదే జరిగింది. రెండుచోట్లా మనుషులు చనిపోయారు. దాన్ని కళ అనడం అమానుషం. అయితే జూలై 14న బీలలో ఏటా చేసే స్మరణ మాత్రం ఒక కొత్త మొక్కు. బీల అంటే సంవత్సరమంతా నీరుండే పల్లపు నేల. తుంగ, చేపలు, పశువుల మేత అన్నీ అందులోంచే వస్తాయి. తుంగ లేకపోతే చాప లేదు, చాప లేకపోతే పందిట్లో కూర్చునే చోటు లేదు. కాకరాపల్లి తంపరకూ, టెక్కలి మండలం తేలినీలాపురానికీ మరో చుట్టరికం ఉంది. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు పోయేది ఆ చిత్తడి నేలలకే. పక్షులొస్తే వానలు బాగుంటాయని ఊరి నమ్మకం. రావడం ఆలస్యమైతే ఊరంతా ఆకాశం వంక చూస్తుంది. అది కూడా ఒక ఆరుబయలు ఆచారమే. దాని మీద పర్యాటక శాఖ టికెట్ పెట్టడానికి వీల్లేదు.

సర్కారు చేయి పడ్డ పండగలు ఏమవుతాయో చూడాలంటే ఉద్దానం దాటి వెళ్లాలి. తెలంగాణలో 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగైంది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్లు బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంతమంది ఒకచోట ఆడటం చూడముచ్చటే. తంగేడు, గునుగు ఏరుకొచ్చే పొలంగట్లు తగ్గిపోయిన సంగతి ఆ రికార్డులో నమోదు కాదు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం ఇంకో రకం. దసరా తర్వాతి మంగళవారం, సుమారు 50, 60 అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుని, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగుతాడు. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం నడుస్తాయి. చేపలు పట్టే వల ఇక్కడ ఊరేగింపులో ఒక పాత్ర. అమ్మవారు పూజారి కలలో చెప్పిన చెట్టు ఎవరి తోటలో ఉంటే వాళ్లు కాదనకుండా ఇస్తారు. సిరిమానుకొక చెట్టు, ఇరుసుమానుకొక చెట్టు. పండగ రాష్ట్రస్థాయికి ఎదిగినా, కలలో వచ్చే చెట్టు మాత్రం ఎవరో ఒక రైతు పొలంలోదే కావాలి. సర్కారు బడ్జెట్ ఆ బాకీని కొనలేదు. ఈ పండగ ఇంకా గట్టిగా నిలబడటానికి కారణం అదే అనుకోవచ్చు.

ముడిసరుకే పోతే? 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ దసరా నవరాత్రుల్లోనే వచ్చాయి. తిత్లీ వచ్చింది నవరాత్రులు మొదలైన మర్నాడు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. తోట పోయినచోట కొబ్బరిమట్ట పందిరి పోయింది, ఈనె పోయింది, కలశం మీది కాయ బజారు నుంచి రావాల్సి వచ్చింది. కొబ్బరికి పుట్టినిల్లన్న పేరున్న ఉద్దానంలో కొబ్బరికాయ కొనుక్కోవడం! బాయిస్ కాసెల్‌లో మొక్కలు నాటితే కళ అన్నారు, ఇక్కడ తిత్లీ తర్వాత నాటిన మొక్కలు బ్యాంకు అప్పులు.

ఇక మన దేశపు గ్యాలరీ కళ కూడా మట్టిని వదల్లేదు. కర్ణాటకకు చెందిన షీలా గౌడ 1990లలో పేడను, పిడకలను తన శిల్పాలకు సరుకు చేసుకుంది. సుబోధ్ గుప్తా ఒళ్లంతా పేడ పూసుకుని, తర్వాత కడుక్కునే వీడియో తీశాడు. పేడతో అలికే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ వీడియోలో షాక్ ఉండదు, కాస్త నవ్వు ఉంటుంది. అయినా షీలా గౌడ పనిలో ఒక నిజాయితీ ఉంది. పేడ ఆడవాళ్ల చేతిపని అని ఆమె మరచిపోలేదు. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టే చేతులు కూడా అవే. సైకత శిల్పం మాత్రం వేరే దారి పట్టింది. పూరీకి చెందిన సుదర్శన్ పట్నాయక్ 2014లో పద్మశ్రీ అందుకున్నాక మన తీరంలోనూ ఇసుకబొమ్మలు విరివిగా వస్తున్నాయి. పనితనానికి వంకపెట్టలేం. కానీ చాలావరకు అవి ఇసుకతో చేసిన శుభాకాంక్షల పోస్టర్లు. ఇసుక అక్కడ ఎందుకుంది, అల ఎప్పుడొస్తుంది అన్నదాంతో వాటికి పని లేదు.

కేరళ ముడియేట్టు 2010లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. బియ్యప్పిండి, పసుపు, బొగ్గు, ఆకుల పొడులతో నేలమీద కాళి బొమ్మ వేసి, పూజయ్యాక చెరిపేసి, ఆ తర్వాతే ఆట మొదలుపెట్టే సంప్రదాయం అది. అదే ఏడు ఛౌ నృత్యం, 2021లో కోల్‌కతా దుర్గాపూజ, 2023లో గుజరాత్ గర్బా చేరాయి. ఉత్తరాంధ్ర ఆరుబయలు కళల్లో ఒక్కటీ అందులో లేదు. పెట్టించాలని ఎవరైనా పూనుకుంటే మంచిదే. ఫైలు కట్టేవాళ్లు ముందుగా పాటల రికార్డింగు, వేషాల ఫొటోలు పోగేస్తారు, అవి కావాల్సినవే. వాటితోపాటు సరుకు జాబితా కూడా రాసుకుంటే మేలు. గోగు విత్తనం ఏ మండలాల్లో ఇంకా వేస్తున్నారు, దండం దిగే చెరువుల్లో నీళ్లు చైత్రం దాకా ఉంటున్నాయా, 50 అడుగులు దాటిన చింతలు ఏ ఊళ్లలో ఎన్ని మిగిలాయి అన్నది ఆ జాబితాలో ఉండాలి. వీటికి లెక్క చెప్పగలిగేది సాంస్కృతిక శాఖ కాదు, వ్యవసాయ శాఖ, నీటిపారుదల శాఖ, అటవీ శాఖ. జాతరల ఖర్చుపట్టీలో లైట్లు, స్టేజీ, ఫ్లెక్సీల కింద ఇంకో మూడు పద్దులు చేర్చడానికి పెద్ద డబ్బేమీ కాదు. చింతమొక్కల నర్సరీకి ఒకటి, గోగు విత్తనానికి ఒకటి, చెరువు పూడిక తీయడానికి ఒకటి.